కంపెనీ పట్టీలో లేని రంగు

పళ్ల డాక్టరు పరాంకుశం గారు పంటి రంగును దీపం కింద చూసేవారు కాదు. విరిగిన పన్నుకు తొడిగే పింగాణీ తొడుగు, జనం క్యాపు అంటారే అది, పక్క పళ్లలో కలిసిపోవాలంటే రంగును పగటి వెలుగులోనే ఎంచాలని ఆయన పట్టుదల. వచ్చిన మనిషిని ఉత్తరపు వరండాలో కూర్చోబెట్టేవారు. నోరు పుక్కిలించమనేవారు. పెదాలకు రంగుంటే తుడిపించేవారు, మెరిసే చీర కట్టుకొస్తే మెడ చుట్టూ బూడిదరంగు గుడ్డ కప్పేవారు. పని మొదలుపెట్టక ముందే రంగు ఎంచాలి, ఎందుకంటే నోరు తెరిచి ఉంచినకొద్దీ పన్ను ఆరిపోయి, ఉన్నదానికన్నా తెల్లగా కనబడి మోసం చేస్తుంది. నమూనా ముక్కను పన్ను పక్కన పెట్టి ఒక్క చూపు చూసి, వెంటనే గోడకున్న నీలం గుడ్డ వైపు తల తిప్పేసేవారు. "ఎక్కువసేపు చూస్తే కన్ను అలవాటు పడుతుందయ్యా. అలవాటు పడ్డ కన్ను దేన్నయినా బాగుందనే అంటుంది" అనేవారు శిష్యులతో. ఆ మాట ఆయన పళ్ల గురించే అనేవారో, ఇంకా దేని గురించయినా అనేవారో అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

ఆయన దగ్గర నమూనా పట్టీలు రెండుండేవి. ఒకటి కంపెనీవాళ్లు అమ్మేది. పళ్ల ఆకారంలో పింగాణీ ముక్కలు వరసగా ఉంటాయి, పాల తెలుపుతో మొదలై కాస్త పసుపుకీ కాస్త బూడిదకీ దిగుతాయి. రెండోది ఆయనే కొలిమిలో కాల్చి తయారు చేసుకున్నది. అందులో సుద్ద గీతల పళ్లు, తేనె మచ్చల పళ్లు, ఇటుకపొడి రుద్దినట్టున్న పళ్లు ఉండేవి. ఆ జిల్లాలో చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. పసితనం నుంచీ ఆ నీళ్లు తాగినవాళ్లకి పళ్లు అలాగే మొలుస్తాయి, వయసు ముదిరితే ఎముకలు కూడా వంగుతాయి. కొత్తగా చేరిన శిష్యుడెవరైనా ఈ రెండో పట్టీ ఎందుకని అడిగితే, "కంపెనీ పట్టీలో ఈ జిల్లా లేదయ్యా" అని ఊరుకునేవారు.

శిష్యుల్లో మురహరి చెయ్యి గట్టిది. పింగాణీని పొరలు పొరలుగా పేర్చి, పంటి అంచున కనబడీ కనబడని నీలి జాడ తెప్పించడం అతనికొచ్చినట్టు ఇంకెవరికీ రాలేదు. అందరూ సార్ అంటుంటే అతనొక్కడే గురువుగారూ అని పిలిచేవాడు. పట్నంలో పుట్టి పెరిగాడు, మనసు మెత్తన. బాధపడేవాళ్లని చూస్తే ఉన్నపళాన ఏదో ఒకటి చేసెయ్యాలనిపించేది. అసలు చిక్కంతా అక్కడే. చెడ్డవాడయితే మనం జాగ్రత్తగా ఉంటాం, మంచివాడి దగ్గర తలుపులు బార్లా తీసి పెడతాం.

ఒకరోజు సుద్దబావి గూడెం నుంచి సైదమ్మ అనే మనిషి వచ్చింది. చేతిపంపు కొడుతుంటే పిడి జారి ఎగిరి మూతికి తగిలి ముందు పళ్లు రెండు విరిగాయి. చంకలో మాటలు నేర్చుకుంటున్న కూతురుంది. ఆ గూడెంవాళ్లకి ఒక అలవాటుంది. బయటి మనిషి కనబడితే చాలు, ఆడవాళ్లు కొంగు, మగవాళ్లు తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుంటారు. బస్సులోనైనా సంతలోనైనా, ఆఖరికి సొంత పెళ్లి ఫోటోలోనైనా అంతే. వాళ్ల పిల్లలకి మాటలు ముందొస్తాయి, ఆ తర్వాత కొన్నాళ్లకి నోరు మూసుకోవడం వస్తుంది. గూడెం మొత్తంలో సైదమ్మ ఒక్కతే కొంగు అడ్డం పెట్టుకోకుండా మాట్లాడేది. సిగ్గు లేక కాదు, సిగ్గుపడి సాధించిందేమీ లేదని ఆమెకి తెలిసిపోయింది.

"రెండు పండ్లు పెట్టాలె సారూ. తెల్లయి వద్దు. నా పండ్ల లెక్కనే ఉండాలె" అంది.

పరాంకుశం గారు ఎందుకని అడిగారు. నది నీళ్ల పైపు పెద్ద ఊరి దాకా వచ్చి ఆగిపోయిందట. గూడెంలో నీళ్లు శుద్ధిచేసే మిషను ఉన్నందువల్ల పైపు అక్కర్లేదన్నారట. ఆ మిషను రిబ్బను కత్తిరించిన ఏడాదే మూలపడింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు, అది నీళ్లివ్వదు, వచ్చే నీళ్లని రానివ్వదు. పైపు ఇవ్వాలో వద్దో తేల్చడానికి ఇప్పుడొక ఆఫీసరు వస్తున్నాడు. ఆయన ముందు గూడెం తరఫున మాట్లాడేది సైదమ్మ. ముందుగా ఆమె నోరు తెరిచి చూపించాలనీ, ఆమెను చూసి మిగతావాళ్లంతా కొంగులూ తువ్వాళ్లూ దించాలనీ గూడెంలో కూర్చుని ఒప్పుకున్నారు. ఒప్పించడానికి ఆమెకి తల ప్రాణం తోకకొచ్చింది.

"మాటలైతే ఏండ్ల సంది చెప్తనే ఉన్నం సారూ, ఎవలు ఇన్నరు? నోరే చూపియ్యలే. గిప్పుడు చూపియ్యాలె" అంది. తర్వాత కూతురి గడ్డం పట్టుకుని పెదవి పైకెత్తింది. "దీనియి ఇంక పాలపండ్లు. తెల్లగనే ఉన్నయి. ఇవి ఊడినంక వచ్చేటియి మంచిగ రావాలంటే, నీళ్లు ఎప్పుడు రావాలె?"

"ఇప్పుడే రావాలమ్మా. ఆ పళ్లు దవడ లోపల ఇప్పుడే తయారవుతున్నాయి" అన్నారు పరాంకుశం గారు.

"అగో, గందుకే" అంది సైదమ్మ.

ఆయన ఆమెని వరండాలో కూర్చోబెట్టి, రెండో పట్టీలోంచి ఒక ముక్క తీసి, ఒక్క చూపు చూసి మురహరి చేతిలో పెట్టారు. ఇటుక మచ్చ ఏ పక్కన ముదరాలో, సుద్ద గీత ఎక్కడ తెగాలో చెప్పారు. మురహరి ఆ ముక్క కేసీ ఆమె కేసీ చూశాడు. ఆమె బయటికి వెళ్లాక అడిగాడు.

"గురువుగారూ, చేతిలో మంచి రంగు పెట్టుకుని చెడ్డ రంగుకు జత వెతకడమేమిటి? జబ్బుకు మందివ్వాలి గాని, జబ్బుకు నకలు తీస్తామా?"

ప్రశ్న చిన్నది కాదు. నిజం చెప్పొద్దూ, ఈ సంగతి మొదట విన్నప్పుడు నాకూ అది న్యాయంగానే తోచింది. పరాంకుశం గారు మాత్రం, "ఆవిడ అడిగిన రంగే పెట్టు. మిగతాది నేనొచ్చాక మాట్లాడుకుందాం" అన్నారు. మర్నాడు వేరే ఊరి కాలేజీలో పరీక్షలు జరిపించడానికి వెళ్లిపోయారు.

గురువు ఊళ్లో లేని సమయంలో శిష్యుడికి పుట్టే దయ ఉంటుందే, దానికి మించిన ప్రమాదం లేదు. మురహరి సైదమ్మకి అద్దం ఇచ్చి, కంపెనీ పట్టీలో మొదటి ముక్క తీసి ఆమె పెదవి కింద పెట్టి, "ఊరికే చూడమ్మా" అన్నాడు. ఆమె చూసింది. చాలాసేపు చూసింది. కన్ను అలవాటు పడుతుందని అక్కడ ఆమెకి చెప్పేవాళ్లెవరూ లేరు.

"గిట్ల గూడ అయితదా?" అని మెల్లగా అడిగింది.

"ఎందుకు కాదు? నవ్వినా మాట్లాడినా కనబడేవన్నీ ఇలాగే చేసేస్తాను. ఏమీ ఇవ్వక్కర్లేదు."

"మరి ఆఫీసరుకు చూపియ్యాలె గద?"

"ఆఫీసరుకు మాట చెప్పమ్మా. పళ్లు బాగుంటే మాట ఇంకా ధైర్యంగా వస్తుంది."

ఆమె ఒప్పుకుంది. ఆమెని తప్పు పట్టేవాళ్లు ఉంటారని నాకు తెలుసు. వాళ్లు తమ పెళ్లి ఫోటో తీసి, అందులో ఎలా ఇకిలించారో ఒకసారి చూసుకుని ఆ తర్వాత మాట్లాడితే బాగుంటుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక మనిషి ఆమెతో, నువ్వు అందంగా ఉండొచ్చు అన్నాడు. కాదనడానికి ఆమె రాయి కాదు.

మురహరి కొన్నాళ్లపాటు ఆమెని ఆస్పత్రికి తిప్పించుకుని, ఉన్న పళ్లని అరగదీసి, వాటి మీద తెల్లటి తొడుగులు బిగించాడు. పని గొప్పగా వచ్చింది, అందులో వంక పెట్టడానికేం లేదు. అద్దంలో చూసుకుని సైదమ్మ ముందు బెదిరింది, తర్వాత నవ్వింది, తర్వాత ఏడ్చింది. కూతురు ఆ పళ్లని వేలితో ముట్టి చూసి, తల్లి మొహం తడిమి, మళ్లీ పళ్లు ముట్టింది.

ఆఫీసరు రేపు వస్తాడనగా పరాంకుశం గారు ఊరి నుంచి దిగారు. సైదమ్మ చూపించడానికి వచ్చి కూర్చుని ఉంది. "నవ్వమ్మా" అన్నారు. నవ్వింది. ఆయన ఒక్క చూపు చూసి నీలం గుడ్డ వైపు తల తిప్పారు. "అందంగా ఉన్నావమ్మా" అన్నారు. అంత సంతోషంగా ఉన్న మనిషికి ఇంకేం చెప్పగలరు? బిగించిన తొడుగులు పగలగొట్టి తీసి వేరేవి కాల్చడానికి ఒక్క రాత్రి చాలదు. మురహరి తిట్లకి సిద్ధపడి నిలబడ్డాడు గాని, ఆయన తిట్టలేదు. "పొద్దున్న మనమూ గూడేనికి వెళ్దాం" అని లోపలికి వెళ్లిపోయారు.

గూడెం బడి ముందు షామియానా వేశారు. బల్ల మీద తెల్లగుడ్డ, దాని మీద పూలగుత్తి, పూలగుత్తికి అటూ ఇటూ మూత తీయని నీళ్ల సీసాలు. గూడెం నీళ్ల సంగతి తేల్చడానికి వచ్చేవాళ్లు తమ నీళ్లు తాము తెచ్చుకున్నారు. ఆఫీసరు చూడ్డానికి పెద్దమనిషి. ఎండలో నిలబడ్డవాళ్లని నీడలోకి రమ్మన్నాడు, మెడలో దండ వేయబోతే వద్దన్నాడు, శాలువా మాత్రం మొహమాటానికి కప్పించుకున్నాడు. జనం అలవాటు ప్రకారం కొంగులూ తువ్వాళ్లూ నోటికి అడ్డం పెట్టుకుని ఒక పక్కగా నిలబడ్డారు. నడుం వంగినవాళ్లు అంతదూరం రాలేక గుడిసెల దగ్గరే ఉండిపోయారు.

సైదమ్మ లేచింది. ఎన్నాళ్లుగానో లోపల వల్లె వేసుకున్న మాటలు, ఆపితే ఆగేవి కావు. "సారూ, మేం ఎన్ని చెప్పినా మీరు నమ్ముతలేరు. మా నోర్లు చూడున్రి. గీ నీళ్లు తాగి మా పండ్లు ఎట్లయినయో చూడున్రి!" అంటూ నోరు తెరిచింది.

తెరిచాక గాని ఆమెకి గుర్తు రాలేదు.

ఆఫీసరు చూశాడు. తెల్లటి పళ్లు కనబడేలా హాయిగా నవ్వాడు. "బాగానే ఉన్నాయి కదమ్మా" అన్నాడు. పక్కనున్న సిబ్బంది కూడా నవ్వారు. "మీది ఈ ఊరేనా, మెట్టినూరా?"

"పుట్టింది ఈడనే, మెట్టింది ఈడనే. ఇవి నాయి కావు సారూ. పెట్టిచ్చుకున్నయి."

"అన్నీనా?"

"కనవడేటియన్ని."

"మేమే పెట్టించుకోలేకపోతున్నామమ్మా, నువ్వు పెట్టించుకున్నావంటే గూడెం బాగానే ఉన్నట్టు లెక్క" అన్నాడు ఆఫీసరు. ఆ మాటలో ఎగతాళి లేదు. ఎగతాళి ఉంటే ఎవరో ఒకరు తిరగబడి ఉండేవారు.

"లోపటియి చూడున్రి సారూ, దవడ పండ్లు" అని ఆమె ఇంకా పెద్దగా నోరు తెరుచుకుని ముందుకొచ్చింది. ఆడమనిషి నోట్లోకి తొంగిచూడడం మర్యాద కాదనుకున్నాడో ఏమో, ఆయన మొహం తిప్పుకుని ఆమె చంకలోని పిల్ల బుగ్గ మీద వేలితో తట్టాడు. పిల్ల కిలకిలా నవ్వింది. "చూడండి, ఈ పాప పళ్లు ముత్యాల్లా లేవూ?" అన్నాడు అందరి వైపూ తిరిగి.

మురహరి ఉండబట్టలేక లేచాడు. ఆ పళ్లు తానే పెట్టాననీ, లోపల ఉన్నవి వేరేననీ, ఏమీ పుచ్చుకోకుండా చేశాననీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఆఫీసరు చివరి మాట ఒక్కటే విన్నట్టున్నాడు. కుర్చీలోంచి లేచి వచ్చి, తనకి కప్పిన శాలువా తీసి మురహరి భుజాల మీద కప్పాడు. "ఇలాంటి డాక్టర్లు వచ్చి సేవ చేస్తున్నారంటే మీరు అదృష్టవంతులు" అన్నాడు గూడెంవాళ్లతో. సిబ్బంది చప్పట్లు కొట్టారు. అప్పుడు పరాంకుశం గారు లేచి నీళ్ల సంగతీ ఎముకల సంగతీ చెప్పబోయారు. "మీరొక రిపోర్టు పంపండి సార్, తప్పకుండా చూస్తాను" అన్నాడు ఆఫీసరు. "ఇదివరకు పంపినవి మీ ఆఫీసులోనే ఉన్నాయి" అన్నారాయన. ఆఫీసరు వాచీ చూసుకున్నాడు.

సైదమ్మకి ఇక మిగిలింది తనవాళ్లే. వాళ్ల వైపు తిరిగింది. "మీరన్న చూపియ్యున్రి! ఒప్పుకున్నరు గద! మల్లయ్య మామా, తువ్వాల తియ్యి! ముత్తవ్వా, జర కొంగు దించు!"

ఎవరూ దించలేదు. ఆమె ఇటుకరంగు నోరు తెరిచి ముందు నిలబడి ఉంటే దించేవారేమో. ఆ తెల్లటి పలువరస పక్కన, కారులో వచ్చినవాళ్ల ఎదుట, తమ నోళ్లు తెరవడానికి వాళ్లకి మనసొప్పలేదు. మల్లయ్య తల దించుకున్నాడు. సైదమ్మ ఈడుదే, ఆమెతో కలిసి ఆడుకున్న ముత్తవ్వ, కొంగు ఇంకా గట్టిగా అదుముకుని దాని వెనకాల నుంచి అంది. "నీకేందే, నీ పండ్లు తెల్లగైనయి. మమ్ముల నలుగుట్ల నవ్వులపాలు జేస్తవా?"

మిషనుకి మరమ్మతు చేయిస్తామనీ, పైపు సంగతి వచ్చే విడతలో చూద్దామనీ చెప్పి ఆఫీసరు కారెక్కాడు. మూత తీయని సీసాలని సిబ్బంది జాగ్రత్తగా వెంట తీసుకెళ్లారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత చెప్పుకుని నవ్వుకుంటాం గాని, ఊడినవాళ్ల ఎదుట నిలబడి చెప్పమంటే తెలుస్తుంది. మురహరి శాలువాతోనే ఆమె దగ్గరికి వెళ్లాడు. ఆమె తిట్టలేదు, శాపాలు పెట్టలేదు. తిడితే బాగుండునని అతను ఎదురుచూశాడు.

"సారూ, ఇవి తీసి నా పండ్లు నాకిస్తరా?" అని అడిగింది.

లోపల ఉన్నవాటిని అరగదీసేశానని, అవి ఇక రావని అతను చెప్పలేకపోయాడు. "మీ రంగులోనే కొత్తవి చేసి పెడతానమ్మా. అచ్చం మీవి ఉన్నట్టే" అన్నాడు.

"ఎవలకు చూపియ్య?" అంది సైదమ్మ.

అంతలో పిల్ల దాహమని పేచీ మొదలుపెట్టింది. పొద్దుటి నుంచీ ఎండలో ఉంది పాపం. సైదమ్మ చుట్టూ చూసింది. బల్ల ఖాళీగా ఉంది. చేతిపంపు దగ్గరికి నడిచి, పిల్లని దింపి, నాలుగు దెబ్బలు కొట్టి గ్లాసు నింపింది. నింపిన గ్లాసు పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. పిల్ల కొంగు పట్టుకు లాగుతూ ఏడ్చింది. సైదమ్మ వంగి గ్లాసు పిల్ల నోటికి అందించింది. పిల్ల గటగటా తాగేసి, ఇంకా కావాలంది.

బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ మురహరి ఆ శాలువాని మడత పెడుతూ, విప్పుతూ కూర్చున్నాడు. పారేయడానికి చేతులు రాలేదు, ఒళ్లో ఉంచుకోవడానికీ రాలేదు. పెద్ద ఊరు వచ్చింది. నది నీళ్ల కొళాయి దగ్గర జనం బిందెలు కడుక్కుంటున్నారు. అక్కడి నుంచి గూడెం కనుచూపు మేరలోనే ఉంది. మురహరి అటు చూడలేక గురువు వైపు తిరిగాడు. అప్పటికీ అతనికి తన పని మీద మమకారం చావలేదు. శాలువా మడత ఆపి అడిగాడు.

"గురువుగారూ, అంత జాగ్రత్తగా చేశాను. రంగు ఎక్కడ తప్పింది?"

పరాంకుశం గారు కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"తప్పలేదయ్యా. చక్కగా కుదిరింది, ఆ ఆఫీసరు పళ్లతో."